చక్రాల మీద వంటిల్లు

కందెన అనే మాట ఇప్పటి పిల్లలకి తెలుసో లేదో గానీ, మా వైపు రెండు పెద్ద ఊళ్ళు ఆ మాటలోంచే పుట్టాయని చెప్పుకుంటారు. అలంపురం గుడికి బండరాళ్ళు మోసుకొచ్చే ఎడ్లబళ్ళు తుంగభద్ర దాటేముందు ఆగి, ఇరుసులకి కందెన పూసుకున్న చోటు కందెనవోలట. అదే కర్నూలు. ఇవతల నాగర్‌కర్నూలుకీ అలాంటి కథే ఉంది. బళ్ళు ఆగే మజిలీ, కందెన దొరికే చోటు, అందుకని ఆ పేరు వచ్చిందని కొందరూ, కాదు నాగన, కందన అనే ఇద్దరు రాజుల పేర్లు కలిపి పెట్టారని కొందరూ అంటారు. ఏది నిజమో పండితులు తేల్చుకుంటారు. నాకు మాత్రం కందెన కథే ఇష్టం. ప్రయాణమంటే ముందు ఇరుసు సంగతి చూసుకోవాలని ఊరి పేరే గుర్తు చేస్తుంటే ఎంత బావుంటుంది!

ఇల్లు వెంటేసుకుని పోవడం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వాళ్ళకి కొత్త కాదు. (2016 అక్టోబరులో ఈ మూడూ మూడు జిల్లాలయ్యాయి గానీ, మా నోటికి ఇప్పటికీ అంతా ఒకటే పాలమూరు.) కాస్త ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళకి సవారి కచ్చురం ఉండేది. పైన వంచి కట్టిన గూడు, లోపల గడ్డి మీద పరిచిన జంపఖానా, వెనక తెర. లేనివాళ్ళకి మామూలు బండే, ఎండకి పైన ఒక చాప. గొర్రెల కాపరులు మంద వెంబడి నెలల తరబడి తిరుగుతూ కుండా గొంగడీ వెంట తీసుకుపోయేవాళ్ళు. ప్రాజెక్టులు కట్టడానికి, కాలవలు తవ్వడానికి దేశమంతా తిరిగిన పాలమూరు కూలీలు ఇల్లు మొత్తం ఒక్క మూటలో కట్టుకున్నారు. ఇల్లు వెంటేసుకు పోవడం కొందరికి సరదా, చాలామందికి బతుకుతెరువు.

ఇప్పుడా సరదాకి కారవాన్ అని పేరు వచ్చింది. కేరళ ప్రభుత్వం 2021లో దీనికోసం ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది. అమెరికాలో ఉన్న మా మేనకోడలు కారు వెనక తగిలించుకునే ఇల్లు ఒకటి కొనుక్కుని ఫోటోలు పంపింది. మంచం, పొయ్యి, పైన సోలార్ పలకలు. మావారు ఆ ఫోటోలు కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చూసి, "ఇది మన కురుమూర్తి జాతర ట్రాలీయే కదా! దీనికి తలుపు ఎక్కువ, అంతే" అన్నారు.

ఆయన మాటలో అబద్ధం లేదు. దీపావళి వెళ్ళగానే కార్తీకంలో కురుమూర్తి స్వామి బ్రహ్మోత్సవాలు. ఆత్మకూరు నించి స్వామి నగలు ఊరేగింపుగా వస్తాయి. వడ్డెమానులో తయారైన స్వామి పాదుకలు, అవే ఉద్దాలు, ఉత్సవంగా వస్తాయి. ఇటు వనపర్తి పల్లెలనించీ, అటు జూరాల దాటి గద్వాల వైపునించీ జనం కదుల్తారు. గుట్టకింద మైదానంలో పూటకో పొయ్యి, పొయ్యికో కుటుంబం. ఒకప్పుడు విప్పిన బళ్ళు వరసగా ఉండేచోట ఇప్పుడు ట్రాక్టర్ ట్రాలీలు ఉంటాయి. పైన టార్పాలిన్, లోపల పరుపులు, కింద చక్రాల సందున కూరగాయల బుట్ట. రెండు రాత్రులో మూడు రాత్రులో అదే ఇల్లు.

ఆ ఇంటిని లాక్కుపోవడం, అక్కడ దీపం వెలిగించుకోవడం, ఈ రెండూ మగవాళ్ళ శాస్త్రాలని మా ఇంట్లో చాలాకాలం అందరి నమ్మకం. ట్రాలీ కదిలేముందు మా మరుదులు ముగ్గురూ టైర్లని కాలితో తన్ని చూస్తారు. తన్నితే టైరు ఏం చెప్తుందో వాళ్ళకే తెలియాలి. అసలు శాస్త్రం తెలిసినావిడ మా పెద్దత్త. ఎనభై దాటిన మనిషి. కచ్చురంలో కాపురానికి వచ్చినావిడ. అరుగుమీద కూచుని చేతికర్రతో చూపిస్తూ సామాను ఎక్కిస్తుంది.

"బరువు ముందర పడ్తె ఎద్దు మొక్కుతది బిడ్డా, ఎనక పడ్తె ఎగుర్తది. ఇరుసు మీద ఉండాలె, జర ముందరికి ఒరగాలె. అంతే ముచ్చట."

అంతే ముచ్చట! అమెరికా వాళ్ళ కారవాన్ పుస్తకాలు చెప్పేదీ ఇదే. లాగే ఇంటి మొత్తం బరువులో నూటికి 10 నించి 15 పాళ్ళు ముందున్న కొక్కెం మీద పడాలంటారు. బరువు వెనక్కి పోతే బండి రోడ్డుమీద కుక్కతోకలా ఊగుతుంది, ఊపు పెరిగితే లాగేదాన్ని కూడా పక్కకి ఈడ్చేస్తుంది. మరీ ముందుకి పోతే లాగేదాని వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలుతాయి. ట్రాక్టరుకి స్టీరింగు తిరిగేది ఆ ముందు చక్రాలతోనే. అవి నేలని సరిగ్గా తాకకపోతే డ్రైవరు ఎటు తిప్పితే ఏం లాభం? ఎద్దు మెడకి తెలిసిన సంగతే ఇనప కొక్కేనికీ తెలుసన్నమాట.

కాబట్టి బియ్యం మూట, గ్యాసు పొయ్యి, ఇనప పెట్టె వంటి బరువులన్నీ కింద, ఇరుసుకి దగ్గరగా పెట్టాలి. పరుపులు, గంపలు, ఖాళీ గిన్నెలు వెనకా పైనా. అన్నిటికంటే తిరకాసు నీళ్ళ డ్రమ్ముది. లీటరు నీళ్ళు కిలో బరువు. 200 లీటర్ల డ్రమ్మంటే రెండు బస్తాల వడ్ల కంటే ఎక్కువే. పైగా అది వాడినకొద్దీ తగ్గే బరువు. దాన్ని వెనక మూల పెట్టారనుకోండి, పోయేటప్పుడు ఒక లెక్క, వచ్చేటప్పుడు ఇంకో లెక్క. అదే సరిగ్గా ఇరుసుమీద పెడితే నిండినా ఖాళీ అయినా తూకం చెదరదు. సగం నిండిన డ్రమ్ము మలుపుల్లో అటూ ఇటూ కొట్టుకుని బండిని తోస్తుంది గనక, నిండుగా అయినా తీసుకుపోవాలి, ఖాళీగా తీసుకుపోయి అక్కడైనా నింపుకోవాలి. పెళ్ళికి పెట్టె సర్దిన ఏ ఆడదానికైనా ఇది చెప్పాలా? కింద ఏది పెట్టాలో, పైకి ఏది రావాలో, ముందు ఏది కావలసివస్తుందో మనం చిన్నప్పటినించీ చేస్తున్న పనే కదూ!

దిగాక ఇంకో జాగ్రత్త ఉంది. రెండు చక్రాల ట్రాలీని ట్రాక్టరునించి విప్పితే అది తక్కెడతో సమానం. ముందు ఊత పెట్టడం అందరికీ గుర్తుంటుంది, వెనక ఊత ఎవరికీ గుర్తుండదు. ఒకసారి మా పక్క ట్రాలీలో, భోజనాలయ్యాక నలుగురు పెద్దమనుషులు కబుర్లు చెప్పుకుందామని వెనకంచు మీద వరసగా కూచున్నారు. ట్రాలీ ముక్కు ఠీవిగా ఆకాశంలోకి లేచింది. నలుగురూ తమలపాకుల పళ్ళెంతో సహా మెత్తటి మట్టిలోకి జారారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గనక ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతున్నాం. వెనక రెండు మూలలా గట్టి మొద్దులు, రెండు చక్రాలకీ ముందూ వెనకా రాళ్ళు పెట్టి, ఆ తర్వాతే నిచ్చెన వెయ్యాలి.

నవ్వులాట కాని సంగతులు కూడా కొన్నున్నాయి. కొక్కేనికి వేసే పిన్నుకి కింద క్లిప్పు తప్పకుండా ఉండాలి, దాని పక్కన విడిగా గట్టి గొలుసు ఉండాలి. పిన్ను జారినా గొలుసు ఆపుతుంది. మన ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకు ఉండదు. అంత బరువునీ ట్రాక్టరు బ్రేకే ఆపాలి. ఆ బ్రేకుకీ రెండు పెడళ్ళు, ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి. పొలంలో చటుక్కున మళ్ళడానికి విడివిడిగా ఉంచుతారు. రోడ్డెక్కేముందు ఆ రెంటినీ కలిపి బిగించే కొండీ వెయ్యాలి. వెయ్యకపోతే ఒక్క చక్రమే పట్టుకుని బండి గిర్రున పక్కకి తిరుగుతుంది. దిగుడులో గేరు తీసేసి డీజిలు మిగుల్చుకుందామనే తెలివి అసలు పనికిరాదు. దిగుడు మొదలు కాకముందే చిన్న గేరులో పడాలి. ట్రాలీ వెనక ఎర్రదీపాలు, మెరిసే ఎర్రపట్టీలు లేకుండా చీకటిపడ్డాక రోడ్డుమీద ఉండకూడదు. ఇవన్నీ డ్రైవరుకి తెలిసినవే. అయినా బయల్దేరేముందు "కొండీ వేసినవా తమ్మీ?" అని అడగడంలో నామోషీ లేదు. బియ్యంలో రాళ్ళేరినా, తినేముందు ఇంకోసారి చూసుకుంటాం కదా!

ఇక ఎవరూ ఇష్టంగా వినని మాట. ట్రాలీ సామాను కోసం. కదులుతున్నప్పుడు అందులో మనుషులు ఉండకూడదు. చట్టమూ అదే చెప్తోంది. అమెరికాలో కూడా వెనక లాక్కుపోయే ఇంట్లో మనుషులు కూచుని ప్రయాణం చెయ్యడం చాలా రాష్ట్రాల్లో నిషేధం.

ఈ మాట మొదటిసారి మా ఇంట్లో అన్నప్పుడు చిన్న యుద్ధమే జరిగింది. "కచ్చురంలో పోయినోళ్ళం, ట్రాలీల పోతే తప్పొచ్చిందా?" అని పెద్దత్తే అడిగింది. ఆవిడ ప్రశ్నకి జవాబు చెప్పడం తేలిక కాదు. కానీ కచ్చురం నడిచే మనిషితో పోటీగా గంటకి మూడు నాలుగు కిలోమీటర్లు పోయేది. పడితే గడ్డిమీద పడేవాళ్ళు. గొయ్యి కనబడితే ఎద్దే ఆగేది. ట్రాక్టరు దానంతట అది ఆగదు.

2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిరపకాయలు కోయడానికి పోతున్న కూలీల ట్రాక్టరు కాలవలో పడింది. అదే ఏడాది జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర ఇంకో ట్రాక్టరు మూసీ కాలవలో బోల్తాపడి 15 మంది పోయారు. రెండుచోట్లా పోయినవాళ్ళలో దాదాపు అందరూ ఆడవాళ్ళే. పొద్దున్నే ఇంటిపని ముగించుకుని, సద్ది కట్టుకుని ట్రాలీ ఎక్కినవాళ్ళు. లోతైన ట్రాలీ తిరగబడితే కుండమీద మూత బోర్లించినట్టే. కింద నీళ్ళు ఉంటే ఈత వచ్చినా ప్రయోజనం లేదు. కూలికి పోయేవాళ్ళకి వేరే దారి దొరక్క ఎక్కారు. మనం దేవుడి దగ్గరకి పోతున్నాం, మనకి దారి ఉంది.

జాతర రోజుల్లో ఆర్టీసీ బస్సులు నడుస్తాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నించి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేని ప్రయాణం మొదలైంది కూడా. అందుకని మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి మారింది. సామానుతో ట్రాలీ ముందు పోతుంది, డ్రైవరు ఒక్కడే దానిమీద. పిల్లలూ ఆడవాళ్ళూ బస్సులో పోతారు. పెద్దత్త మొదటి ఏడాది మూతి ముడుచుకుని కిటికీ పక్కన కూచుంది. ఆత్మకూరు వచ్చేసరికి పక్క సీటావిడతో వియ్యం కలుపుకునే దాకా వెళ్ళింది. ట్రాలీలో ఒళ్ళంతా దుమ్ము కొట్టుకుని దిగే బాధ తప్పిందని తర్వాత తనే ఒప్పుకుంది.

సరే, చేరుకున్నాం. చీకటి పడింది. దీపం మాటేమిటి?

మగవాళ్ళకి ముందు కనపడేది ట్రాక్టరు బాటరీ. 12 వోల్టులది. దానికి నాలుగు దీపాలు తగిలిస్తారు, తర్వాత పాటల డబ్బా, తర్వాత అందరి ఫోన్లు. తెల్లారి తాళం తిప్పితే ట్రాక్టరు "టక్" అని ఊరుకుంటుంది. మా చిన్న మరిది ఒక ఏడాది పదిమందిని పోగుచేసి ట్రాక్టరుని తోయించాడు. తోసినవాళ్ళందరికీ టీలు, మిర్చిబజ్జీలు పెట్టేసరికి కొత్త బాటరీ ఖరీదులో కొంత అక్కడే అయిపోయింది. ట్రాక్టరు బాటరీ దాన్ని లేపడానికే. దీపాలకి విడిగా ఇంకో బాటరీ ఉండాలి. ఇంట్లో ఇన్వర్టరుది ఉంటే అదే చాలు. అయితే అది యాభై కిలోలకి పైగా ఉంటుంది గనక, దాని చోటు కూడా ఇరుసు దగ్గరే. నిలువుగా, ఒరగకుండా కట్టాలి. లోపల ఉన్నది యాసిడ్.

ఇప్పుడు లెక్క చూద్దాం. 150 ఆంపియర్-అవర్ల బాటరీని 12 వోల్టులతో హెచ్చవేస్తే 1800 వాట్-అవర్లు. ఇంత ఉందని అంతా వాడేస్తే ఆ రకం బాటరీ త్వరగా చచ్చిపోతుంది. సగం దగ్గర ఆగాలి. అంటే మనకి దక్కేది 900. మన కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 1000. చూశారా, మొత్తం జాతరకి మన సొత్తు ఒక్క యూనిట్ కూడా కాదు!

కంగారు పడకండి. నెలాఖరులో పావుకిలో చింతపండుతో వారం నడిపించిన వాళ్ళం మనం. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు నాలుగు, రాత్రి అయిదు గంటలు వెలిగితే 180. డజను ఫోన్లు, ఒక్కోదానికి 15 చొప్పున ఇంకో 180. భజనకి 20 వాట్ల చిన్న స్పీకరు మూడు గంటలు పాడితే 60. మొత్తం 420. రెండు రాత్రులకి 840. సరిపోయింది. ఈ లెక్కలోకి అన్నం వండే కరెంటు కుక్కరు వచ్చిందా, ఒక్క పూటకే 400 మింగేస్తుంది. మిక్సీ వాడేది పది నిమిషాలే అయినా, ఒక్కసారిగా 500 వాట్లు లాగుతుంది. సన్న తీగ వేడెక్కిపోతుంది. పొడులు ఇంట్లోనే కొట్టి తీసుకుపోవడం, పచ్చడికి చిన్న రోలు తీసుకుపోవడం ఉత్తమం. రోటిపచ్చడి రుచి అదనం.

12 వోల్టుల బల్బులే కొనుక్కుంటే ఇన్వర్టరు అక్కరలేదు, దానిలో పోయే నూటికి పది పదిహేను పాళ్ళూ మిగుల్తాయి. బాటరీ దగ్గరే, ఎర్ర తీగకి, ఒక ఫ్యూజు వేయించండి. ఎక్కడైనా తీగ నలిగి అంటుకుంటే టార్పాలిన్ కింద పడుకున్నది మన పిల్లలు.

ఇంకో రెండు రోజులు ఎక్కువ ఉండాలనుకుంటే 100 వాట్ల సోలార్ పలక ఒకటి చాలు. మా పాలమూరు ఎండకి కొదవేమిటి? మబ్బులేని రోజున 400 వాట్-అవర్ల దాకా ఇస్తుంది, అంటే ఒక రాత్రి ఖర్చు ఇంచుమించు తిరిగి వచ్చేస్తుంది. కార్తీకంలో సూర్యుడు దక్షిణానికి దిగి ఉంటాడు గనక పలకని అటు వాల్చి పెట్టాలి. ఒక్క మూల చెట్టునీడ పడినా రావలసిన దాంట్లో పెద్దభాగం పోతుంది. గంటగంటకీ నీడ ఎటు జరుగుతోందో చూసుకుని జరపాలి, దుమ్ము తుడవాలి. దీనికి ఇంజనీరు ఎందుకు? వడియాలు పెట్టినావిడని అడిగితే చెప్తుంది.

మూడు పనులు మాత్రం ఎవరు బతిమాలినా ఒప్పుకోకండి. పైన పోయే కరెంటు తీగలకి కొక్కేలు తగిలించడం ఒకటి. ఒక్క దీపం కోసం ప్రాణం పెట్టే బేరం అది. పడుకునే చోటి పక్కన జనరేటరు నడపడం రెండోది. దాని పొగలో రంగూ వాసనా లేని విషవాయువు ఉంటుంది, నిద్రలో ఉన్నవాళ్ళకి తెలియకుండానే పని ముగించేస్తుంది. టార్పాలిన్ మూసిన ట్రాలీలో గ్యాసుపొయ్యి గానీ బొగ్గుల కుంపటి గానీ వెలిగించడం మూడోది. వంట ఎప్పుడూ కిందే, ఆరుబయటే. బాటరీకి కూడా గాలి ఆడాలి, ఛార్జి అవుతున్నప్పుడు దాన్నించి మండే వాయువు వస్తుంది.

కార్తీకం కాక చైత్రంలో నాగర్‌కర్నూలు వాళ్ళు సలేశ్వరం పోతారు. నల్లమల లోపల, పులులు తిరిగే అడవిలో లోయకి దిగి లింగమయ్యని చూసి రావాలి. అక్కడ ఈ లెక్కలన్నీ ఇంకా కచ్చితంగా ఉండాలి. దీపం కంటే ముందు నీళ్ళు. అడవిలో అగ్గి అసలు పనికిరాదు. వండుకునే పోవాలి. తీసుకుపోయిన ప్లాస్టిక్ అంతా తిరిగి తెచ్చుకోవాలి. చివరి దారి నడకే గనక, ట్రాలీలో ఎంత సర్దారన్నది కాదు, భుజాన ఎంత మొయ్యగలరన్నదే అక్కడి లెక్క.

ఇంత రాశాక మావారు చదివి, "ఇది కథల పేజీకా, మెకానిక్కుల పత్రికకా?" అన్నారు. నా మటుకు నాకు తేడా కనిపించడం లేదు. ఇరుసుమీద బరువు నిలపడం, ఉన్న కాస్తనీ రెండు రాత్రులకి సరిపెట్టడం, ఎవరికీ దెబ్బ తగలకుండా అందరినీ చేర్చడం... ఈ పని మనం ఇంట్లో రోజూ చేస్తూనే ఉన్నాం. ఇంటికి చక్రాలు రాగానే అది మనకి తెలియని శాస్త్రమెలా అవుతుంది?

అందుకని ఈ కార్తీకంలో ట్రాలీ కదిలేముందు మగవాళ్ళని టైర్లు తన్నుకోనివ్వండి. మీరు మాత్రం చుట్టూ ఒకసారి తిరిగి, నీళ్ళ డ్రమ్ము ఇరుసుమీద ఉందో లేదో, పిన్నుకి క్లిప్పు పడిందో లేదో చూడండి. పరుపుల మధ్య ఏ పిల్లాడైనా నక్కి కూచున్నాడేమో చూసి, చెయ్యి పట్టుకుని దింపి, బస్సెక్కించండి.